ఒక పొయ్యి మీద రెండు కుండలు

కాస్తెల్‌వేర్దె,
మార్తీను పండుగ దాటిన పన్నెండో రోజు

నా చంకలో పెరిగిన నేరీకి,

ఊరంతా నిన్ను రనియేరి స్వామి అంటుంది. నేననను. అమ్మ పోయిన నాటి నుంచి నీ ముక్కు తుడిచిన చెంగు ఇంకా నా ఒంటి మీదే ఉంది. నాకు అక్షరం రాదని నీకు తెలుసు, అందుకే నోటరీ సెర్ బందీనోను పిలిచి కూర్చోబెట్టాను. ఈయన పంక్తికి ఇంత అని తీసుకుంటాడు. కాబట్టి కుశల ప్రశ్నలు వదిలేసి అసలు సంగతికే వస్తాను. నేను ఎలా చెబితే అలా రాయాలని, మధ్యలో తన లాటిన్ దూర్చకూడదని ఒట్టు వేయించుకున్నాను. అదిగో, ఈ మాట కూడా రాస్తున్నాడు. రాయనీ.

మీ బావ కోర్సో పోయాడు. మూడు రోజులు జ్వరం, నాలుగో రోజు పొద్దెక్కాక ప్రాణం పోయింది. అది మార్తీను పండుగ మర్నాడు. ఏడవడానికి నాకు తీరిక దొరకలేదు. ఎందుకంటే, అతన్ని గుడి తోటలో, మనవాళ్ళ సమాధుల మధ్య పెట్టనివ్వలేదు.

శవాన్ని మోసుకుని వెళ్ళేసరికి తోట తలుపు వేసి ఉంది. మన ఊరి గుడి చూసే విచారణ గురువు దొన్ లాపో తలుపుకు అడ్డంగా నిలబడ్డాడు. చలికి ముక్కు ఎర్రబడింది, చేతిలో పుస్తకం ఉంది.

"అమ్మా గిసోలా, నా మీద కోపపడకు. వడ్డీకి తిప్పినవాడు, తీసుకున్నదంతా తిరిగిస్తానని తన నోటితో చెప్పి, హామీ పెట్టి పోవాలి. అలా పోనివాడికి పవిత్రమైన మట్టి ఇవ్వకూడదు. ఇచ్చానా, రేపు నాకే ఆ మట్టి దక్కదు."

"ఎవడన్నాడు ఆ మాట?"

"పోపుగారి సభ అంది. నాబోటి పల్లె గురువుకు అర్థమయ్యేలా విడమరిచి రాసింది మాత్రం ఎవరనుకున్నావు? ఇదిగో, మీ తమ్ముడే."

అక్కడే పుస్తకం తెరిచి లాటిన్‌లో చదివాడు. నాకు అందులో నీ పేరొక్కటే అర్థమయింది. నా మొగుడి పాడె నేల మీద ఉంది, నా తమ్ముడి పుస్తకం తలుపుకు గడియలా ఉంది.

చివరికి ఊరి దిగువ గుమ్మం అవతల, తోళ్ళు నానబెట్టే గుంటలు దాటాక, చచ్చిన గాడిదలను పారేసే పల్లంలో పెట్టాము. మోసిన నలుగురిలో ఇద్దరు అతని బాకీదారులే. వాళ్ళలో ఒకడు దారిలో, "ఏం పెద్దమ్మా, మోసినందుకు నా బాకీలో కాస్త తగ్గిస్తావా?" అన్నాడు. మిగతావాళ్ళు నవ్వారు. "నీ బాకీ మొత్తం పోయిందిరా. ఒక్క అడుగు కూడా దించకుండా నడువు" అన్నాను. దించలేదు. గురువు లేడు, గంట లేదు, దివ్యజలం లేదు. నేనే ఓ ప్రార్థన చెప్పాను. పల్లంలో అప్పటికే నీళ్ళు ఊరుతున్నాయి.

ఇక నా వ్యాజ్యం విను. నువ్వు ధర్మశాస్త్రం చదివినవాడివి, నేను బతికి చూసినదాన్ని.

ఇరవై రెండేళ్ళ కింద, ఈస్టరు పండుగ ముందటి తపస్సు కాలంలో, నువ్వు కొత్తగా సన్యాసి అంగీ తొడుక్కుని మన ఊరి చౌకులో ప్రసంగం చెప్పావు. వాన పడుతున్నా ఎవరూ కదల్లేదు. "వడ్డీ తినేవాడు ఏం అమ్ముతున్నాడు? కాలాన్ని. కాలం ఎవరిది? దేవుడిది. అంటే దొంగసొత్తు అమ్ముతున్నాడు. అందరి ఎడ్లూ ఆదివారం పడుకుంటాయి, వడ్డీ అనే వాడి ఎడ్లు పడుకోవు" అన్నావు. ఆ తర్వాత ఆడవాళ్ళ వైపు తిరిగావు. "వాడి రొట్టె తినే భార్య ఆ దొంగతనాన్నే తింటోంది. ఆ రొట్టెతో పెరిగిన బిడ్డలు నిలవరు" అన్నావు. మా కూతురు తెస్సా పోయి అప్పటికి ఎనిమిది నెలలు. ఆరేళ్ళ పిల్ల. నువ్వు నా వైపు చూడలేదు, కానీ చౌకులో అందరూ చూశారు.

ఇంటికి వచ్చి చిన్న మట్టికుండ ఒకటి తీశాను. ఆ రోజు నుంచి మా పొయ్యి మీద రెండు కుండలు. అతని కుండలో మాంసం ఉడికేది. నా కుండలో చెస్ట్‌నట్ పిండి అంబలి, ఉల్లిపాయ. నేను ఉన్ని వడికి సంపాదించిన చిల్లర దెనారీలతో కొన్నదే నేను తిన్నాను. అతను మొదట్లో, "ఏమే, నా కుండలో తేలు పడిందా?" అనేవాడు. ఇంటికి ఎవరైనా వస్తే, "మా ఇంట్లో ఒక సన్యాసిని ఉంది. మఠానికి కట్నం కట్టే ఖర్చు మిగిలింది" అని నవ్వేవాడు. కొన్నేళ్ళకు ఆ నవ్వు కూడా మానేశాడు. ఇరవై రెండేళ్ళలో జబ్బుపడి లేవలేనప్పుడు మాత్రం అతని రొట్టె తిన్నాను. తిన్న ప్రతిసారీ నా కదురు కర్ర మీద కత్తితో ఒక గాటు పెట్టాను. మొత్తం ముప్పై ఏడు. లేచాక ముప్పై ఏడు రొట్టెలూ నా డబ్బుతో కొని బిచ్చగాళ్ళకు పంచాను. ఇంత శుభ్రంగా బతికిన ఆడది తన మొగుడి కోసం నోరు తెరిస్తే వినాలా వద్దా?

ఇప్పుడేం చేశానో చెబుతాను. అతని పెట్టె తెరిచి తాకట్టు వస్తువులన్నీ ఎవరివి వాళ్ళకు ఇచ్చేశాను. గౌన్లు, గొడ్డళ్ళు, రాగి డేగిసాలు, ఒకామె పెళ్ళి దుప్పటి. ఆ దుప్పటి అద్దకం పనిచేసే వన్నాది. లీరాకు నెలకు నాలుగు దెనారీల చొప్పున పదకొండేళ్ళు కట్టింది పాపం. దుప్పటి విప్పి వెలుతురుకు పట్టి చూసింది.

"చిమ్మట కొట్టింది" అంది.

"పదకొండేళ్ళు పెట్టెలో ఉంటే కొట్టదా?"

"నా సొమ్ము తిన్నది చాలక నా దుప్పటి కూడా తిన్నారన్నమాట మీ ఇంట్లో" అని, వెళుతూ వెళుతూ గుమ్మంలో ఆగి, "నువ్వు మాత్రం తినలేదులే. ఊరందరికీ తెలుసు. మహా గొప్ప" అంది. ఆ మాట దెప్పిందో మెచ్చిందో నాకింకా తెలియడం లేదు.

బిషప్పు మేత్రాణులవారి మనిషి వచ్చి లెక్క తేల్చాడు. కోర్సో వడ్డీగా తీసుకున్నది రెండు వందల పన్నెండు లీరాలు. ఇల్లు అమ్మాను. నా కట్నం సొమ్ము కూడా వేశాను, అది నాదేనని, వెయ్యక్కర్లేదని తెలిసి కూడా వేశాను. నూట డెబ్బై ఒకటి పోగయింది. నేనిప్పుడు వన్నా వాళ్ళ మెట్ల కింద గదిలో అద్దెకుంటున్నాను.

నాకు కావలసింది ఒకటే. తెస్సా గుడి తోటలో ఉత్తరపు గోడ దగ్గర ఉంది. దాని పక్కన వాళ్ళ నాన్నను పెట్టాలి. భార్య తిరిగిస్తే మొగుడు తిరిగిచ్చినట్టేనని నువ్వొక్క వాక్యం రాసి పంపు. దొన్ లాపో తలుపు తీస్తాడు. నీ మాట మీద వేసిన గడియ నీ మాట మీదే తియ్యాలి.

నీ అక్క
గిసోలా
(ఈ పక్క గీత నేను పెట్టిందే)


కాస్తెల్‌వేర్దె,
ముగ్గురు రాజుల పండుగ మర్నాడు

నేరీకి,

నీ జవాబు చేరింది. సెర్ బందీనో రెండుసార్లు చదివాడు. రెండోసారి డబ్బు తీసుకోలేదు. అంత పనికిమాలిన జవాబన్నమాట.

"అక్కా, నీ కన్నీళ్ళు నా కన్నీళ్ళే" అని మొదలుపెట్టావు. నేను ఏడ్చానని నీకు ఎవరు చెప్పారు? ఆ తర్వాత ధర్మశాస్త్రం. వారసులు తిరిగిస్తే వారసుల బరువు దిగుతుంది గాని పోయినవాడి బరువు దిగదన్నావు. పశ్చాత్తాపం ఒకరి బదులు ఒకరు పడేది కాదన్నావు. చివర్లో ఒక్క సందు వదిలావు: "ఆఖరి గడియలో బావ నోటి నుంచి తిరిగిస్తానన్న మాట గాని, కనీసం సైగ గాని వచ్చిందా? వచ్చిందని చూసినవాళ్ళెవరైనా ప్రమాణం చేస్తే మేత్రాణులవారి న్యాయాధికారి తలుపు తెరిపించవచ్చు. ఆ సమయంలో పక్కన ఉన్నది నువ్వే కదా, బాగా గుర్తు చేసుకో అక్కా" అని.

గుర్తు చేసుకున్నాను. ఏమీ అనలేదు. గోడ వైపు తిరిగి పడుకున్నాడు, పోయాడు. ఇంకోసారి అడగకు.

అడగాల్సింది నేను. నీ శాస్త్రం నీకే అప్పజెబుతాను, సరిగా ఉందో లేదో చూడు. వడ్డీ సొమ్ము అని తెలిసి దాన్ని పుచ్చుకున్నవాడు కూడా తిరిగివ్వాలి. చౌకులో చెప్పావు, పుస్తకంలోనూ ఉందట, దొన్ లాపోను అడిగి కనుక్కున్నాను. అయితే బొలోన్యాలో మూడేళ్ళు నువ్వు చదివిన చదువుకు ఇరవై తొమ్మిది లీరాలు ఎవరిచ్చారు? నీ పుస్తకం పేజీలకు తొంభై గొర్రె తోళ్ళు, సున్నంలో నానబెట్టి నున్నగా గీరి ఆరబెట్టినవి, పన్నెండు లీరాలు పెట్టి ఎవరు కొన్నారు? మొత్తం నలభై ఒకటి. నాకు తక్కువైన నలభై ఒకటి.

తోళ్ళ సంగతి చెబుతాను, నీకిది తెలియదు. నువ్వు ఉత్తరం రాసి అడిగినప్పుడు నేనే అతని దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. అతని రొట్టె ముట్టనిదాన్ని, నీ తోళ్ళ కోసం చెయ్యి చాచాను. అతను పడీ పడీ నవ్వాడు. "నన్ను తిట్టడానికి తోళ్ళు కూడా నేనే కొనివ్వాలా? కొంటాలేవే. గట్టివి కొంటాను. చాలాకాలం తిట్టాలి కదా" అన్నాడు. గట్టివే కొన్నాడు. దొన్ లాపో చేతిలో ఉన్నది నకలే, నీ దగ్గరున్న అసలుదాంట్లో ఇన్నేళ్ళయినా ఒక్క మడత చిరిగి ఉండదు.

అంతటితో ఆగలేదు. ఆ రాత్రి కుండ దించుతూ, "నీ తమ్ముడు తింటే లేని పాపం నువ్వు తింటే ఎలా వస్తుందే?" అన్నాడు. నేను నా అంబలి కలుపుకున్నాను.  ఆ ప్రశ్న నిన్ను అడగడానికి నాకు పన్నెండేళ్ళు పట్టింది.

నీకు పేదరికపు ఒట్టు ఉంది, చేతిలో దెనారీ ఉండదు. నాకు తెలుసు. అయినా అడుగుతున్నాను. నా మొగుడు పల్లంలో ఉన్నాడు. మొన్న వానకు మట్టి కుంగి పాడె కర్ర ఒకటి పైకి తేలింది. కుక్కలు రాకుండా రాళ్ళు మోసి పేర్చి వచ్చాను. అరవై ఎనిమిదేళ్ళ ముసలిదాన్ని, మూడు రోజులు మోశాను. వన్నా కిటికీలోంచి చూసి, మొదటి రోజు నవ్వింది, రెండో రోజు తలుపేసుకుంది, మూడో రోజు వచ్చి రాళ్ళు అందించింది. మాట మాత్రం మాట్లాడలేదు.

నా గదిలో చూరుకు ఒక గుడ్డ మూట వేలాడుతోంది. అదేమిటని సెర్ బందీనో ఇందాకే అడిగాడు. రాసుకోవయ్యా నీ పని నువ్వు, అన్నాను.

నలభై ఒకటి, నేరీ.

గిసోలా
(గీత)


కాస్తెల్‌వేర్దె,
తపస్సు కాలం రెండో వారం

తమ్ముడూ,

నీ అసలు పుస్తకం చేరింది. గాడిదల వాడు గోనెలో చుట్టి, వాన తగలకుండా తన అంగీ కప్పి మరీ తెచ్చాడు. నీ చీటీ కూడా చేరింది. "నాకున్నది ఇదొక్కటే. పెద్దల అనుమతి తీసుకున్నాను. అమ్మి ఇచ్చెయ్యి అక్కా" అని రాశావు. నీ కళ్ళు అరిగిన ఏళ్ళన్నీ అందులో ఉన్నాయి. నిన్ను తిట్టి రాయించిన ఆ ఉత్తరం వెనక్కి తీసుకోగలిగితే తీసుకునేదాన్ని. ఆ పుస్తకం సంగతి చివర్లో చెబుతాను. ముందు నేను దాచింది చెప్పాలి. నువ్వు నీ దగ్గరున్నదంతా ఇచ్చేశాక నేను దాచుకుంటే నాకూ వడ్డీ తినేవాడికీ తేడా ఏముంది?

అతను ఏమీ అనలేదని రాయించాను. అబద్ధం.

ఆ పొద్దున జ్వరం కాస్త దిగింది. లేచి కూర్చోబెట్టమన్నాడు. నిన్నటి రొట్టె తెమ్మన్నాడు, అతని రొట్టె, గోధుమది. తెచ్చి ఇచ్చాను. రెండుగా విరిచాడు. రొట్టె పొడి దుప్పటి మీద రాలింది. ఒక సగం నా వైపు చాచాడు.

"ఒక్క ముక్క నాతో తిను గిసోలా. తిని, నోటరీని పిలు. ఎవరిది వాళ్ళకు తిరిగిచ్చేస్తాను. అన్నీ."

నా చేతులు చెంగులో దాచుకున్నాను.

"ఇరవై రెండేళ్ళయిందే నా ఎదురుగా కూర్చుని నువ్వు తిని. ఒక్క ముక్క. నాకు భయంగా ఉంది."

అది సైతాను వల అనుకున్నాను నేరీ. దేవుడి మీద ఒట్టు, అలాగే అనుకున్నాను. ఇరవై రెండేళ్ళు నిలుపుకున్నదాన్ని ఆఖరి రోజున చెడగొట్టడానికి వచ్చిందనుకున్నాను. "ముందు నోటరీని పిలుస్తాను, ముందు నువ్వు తిరిగియ్యి, ఆ తర్వాత తింటాను" అన్నాను. అతను నా ముఖంలోకి చూశాడు. "నీకు కూడా హామీ కావాలా?" అన్నాడు. ఆ సగం దుప్పటి మీద పెట్టి గోడ వైపు తిరిగాడు. సెర్ బందీనో ఇల్లు మాకు నాలుగు గుమ్మాల అవతల. పిలవడానికి నేను లేవలేదు, అడగడానికి అతను ఇటు తిరగలేదు. ఇద్దరం పంతం పట్టి కూర్చున్నాం. అలా ఉండగానే పోయాడు.

నీ జవాబులో ఆ సందు గురించి విన్నాక, ఇంకోసారి అడగకని ఎందుకు రాయించానో ఇప్పుడు నీకు అర్థమయి ఉంటుంది. ఆ మాట ఉంది. చెబితే తలుపు తెరుచుకుంటుంది. కాని చెప్పాలంటే, నా మొగుణ్ణి మోక్షం గుమ్మం దగ్గర ఆపింది నేనేనని నలుగురిలో చెప్పాలి. నెల రోజులు చెప్పలేకపోయాను. నీ పుస్తకం వచ్చాక చెప్పకుండా ఉండలేకపోయాను.

వన్నా తన గాడిదను ఇచ్చింది. రెండు రోజులు పోయి మేత్రాణులవారి న్యాయాధికారి ముందు నిలబడ్డాను. మర్యాదస్తుడే. కుర్చీ వేయించాడు, నిప్పుల కుంపటి నా వైపు జరిపించాడు.

"ఏమన్నాడో, మాట మార్చకుండా చెప్పమ్మా."

చెప్పాను. పైన నీకు చెప్పినట్టే చెప్పాను.

"నువ్వు తిన్నావా?"

"లేదు."

"నోటరీని పిలిచావా?"

"లేదు."

ఆయన కలం పక్కన పెట్టాడు. "అయితే అది పశ్చాత్తాపం కాదమ్మా, బేరం. ఆ బేరం కూడా కుదరలేదు."

"బేరగాడు చచ్చేటప్పుడు బేరం కాక ఇంకే భాష మాట్లాడతాడయ్యా? నలభై ఏళ్ళు వాడికి వచ్చింది ఆ ఒక్క భాషే. ఆ భాషలోనే ఏడ్చాడు."

ఆయన కుంపటిలో నిప్పులు ఎగదోశాడు. "నువ్వెందుకు తినలేదు?" అన్నాడు.

"మా తమ్ముడు తినొద్దన్నాడు."

ఎవరు మీ తమ్ముడు, అనలేదు. నా మనవి చెల్లదని రాసి, సీలు వేసి చేతికిచ్చాడు. సెలవు తీసుకుంటుంటే లేచి నిలబడ్డాడు. అంతవరకే ఆయన చేతిలో ఉందనుకుంటాను.

తిరిగి వచ్చాక పుస్తకం అమ్మడానికి సిద్ధం చేశాను. సెర్ బందీనోకు ఎంత ఆశగా ఉందో, గోనె విప్పి చేతులు రెండుసార్లు తుడుచుకున్నాడు. "అమ్మే ముందు నాకొకటి చదివిపెట్టు. భార్యలు రొట్టె తినకూడదన్న చోటు వెతుకు. నా జీవితం గడిచిన పేజీ ఎలా ఉంటుందో చూడాలి" అన్నాను. వెతికాడు. లోపల్లోపల చదువుకున్నాడు. పైకి చదవడు.

"ఏమయ్యా, నాలుక పోయిందా?"

"వద్దులే గిసోలమ్మా."

"పంక్తికి రెట్టింపు ఇస్తాను, చదువు."

చదివాడు. మన మాటలో పెట్టి చెప్పాడు. భార్యకు వేరే ఆధారం లేకపోతే ఆమె తినవచ్చు. ఆధారం ఉన్నా, భర్త మనసు తిప్పడానికి అతని ఎదురుగా కూర్చోవడం అవసరమైతే కూడా తినవచ్చు. తినడమే మేలు. ఎందుకంటే ప్రసంగం చెప్పేవాడి మాట చెవి దాకా పోయి ఆగుతుంది, కలిసి తినే భార్య మాట కడుపు దాకా పోతుంది. ఆ కిందే ఇంకో పంక్తి ఉంది: తెలియక తిన్న పసిబిడ్డకు ఏ దోషమూ అంటదు.

మళ్ళీ చదవమన్నాను. మళ్ళీ చదివాడు. 

సందేహం తీర్చుకోవడానికి దొన్ లాపో దగ్గరికి పరుగెత్తాను. పరుగే, ఈ కాళ్ళతో. "ఇది నీకు తెలుసా?" అన్నాను. ఆయన నాకేదో జబ్బు చేసిందనుకుని కూర్చోబెట్టాడు. "తెలుసమ్మా. అందరు గురువులకూ తెలుసు. బొలోన్యాలో మొదటి ఏడాదే చెబుతారట. కాని పుస్తకం వేరు, ప్రసంగం వేరు. ప్రసంగం భయపెట్టడానికి. మినహాయింపులు చౌకులో చెబితే ఊరంతా మినహాయింపులోకే దూరుతుంది. అవి మాలోనే ఉంచుకుని, పాపాలు చెప్పుకోవడానికి వచ్చినప్పుడు, పాపసంకీర్తనంలో ఒక్కొక్కరికి తగినట్టు చెబుతాం."

"నేను ఇరవై రెండేళ్ళు నీకు పాపసంకీర్తనం చేశాను కదయ్యా. నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వెప్పుడూ అడగలేదమ్మా" అన్నాడు. "నువ్వు తినకపోవడం చూసి నేను... గొప్ప త్యాగం అనుకున్నాను."

నేరీ, నా తండ్రీ, చౌకులో ఆ రోజు నీకిది తెలుసు. భయం మా మాటలో చెప్పి, దయను లాటిన్‌లో దాచావు. నీ వైపు నుంచి ఆలోచించాను కూడా. ఇరవై నాలుగేళ్ళవాడివి, వానలో నిలబడి, జనం నోళ్ళు తెరుచుకుని వింటుంటే, మినహాయింపు చెప్పాలని ఎవరికి తోస్తుంది? నిన్ను శపించడం లేదు. నీ నోటికి ముద్ద పెట్టిన చేత్తో శపించలేను. కాని నీకు తెలిసి ఉండాలి. నా బిడ్డ నేను పెట్టిన రొట్టె వల్ల పోయిందనుకుంటూ ఇరవై రెండేళ్ళు నిద్రపోయి లేచాను. నా మొగుడు నా కళ్ళ ముందే ఒంటరిగా తిని తిని రాయి అయిపోయాడు. అతన్ని మెత్తబరచడానికి దేవుడు పెట్టిన మనిషిని నేనే. నేనేమో పక్క కుండ కలుపుకుంటూ కూర్చున్నాను.

నీ పుస్తకాన్ని పెద్ద గుడి గురువు ఒకాయన కొన్నాడు. బేరమాడితే సెర్ బందీనో ఆ తోళ్ళ గట్టిదనం చూపించి సరిగ్గా నలభై ఒకటి రాబట్టాడు. రెండు వందల పన్నెండూ తీరింది. వన్నాకు చేరాల్సింది చేరింది. ఆమె లెక్కపెట్టుకుని, "ఇప్పుడైనా పెడతారా ఆయన్ని లోపల?" అంది. లేదన్నాను. "మరి ఎందుకిచ్చావు?" అంది. "నీది కాబట్టి" అన్నాను. వన్నా ఏడ్చింది. పదకొండేళ్ళు తిట్టిన మనిషి కోసం ఏడ్చింది, చూడు.

అమ్మే ముందు ఆ పేజీని మన మాటలో రాయించాను. నాకు చదవడం రాదు గనుక కంఠస్థం చేశాను. ఈ ఊళ్ళో వడ్డీకి తిప్పేవాళ్ళు ఇంకా ముగ్గురున్నారు. ముగ్గురి ఇళ్ళకూ వెళ్ళి వాళ్ళ భార్యలకు అప్పజెప్పి వచ్చాను. ఒకతె నన్ను చూసి తలుపు వేసింది. సందులోంచి చెప్పాను. వచ్చే తపస్సు కాలానికి నువ్వే వచ్చి చౌకులో చెప్పు. భయం చెప్పిన చోటే చెప్పు. వాన పడినా ఆపకు. అప్పటికి నేను ఉంటానని అనుకోవడం లేదు.

నన్ను ఎక్కడ పెట్టాలో గుంటలు తవ్వేవాడికి చెప్పేశాను. డబ్బు కూడా ఇచ్చాను, నా వడుకు డబ్బు. గుడి తోటలో కాదు. దొన్ లాపో వినకూడని మాట విన్నట్టు చెవులు మూసుకున్నాడు. తెస్సా కోసం మొదట్లో మనసు ఆగింది. కాని దానికి దోషం లేదని నువ్వే రాశావు కదా. దానికి దేవదూతలు తోడుంటారు. పల్లంలో అతనికి ఎవరూ లేరు.

నిన్న చూరు నుంచి ఆ మూట దించాను. అతను దుప్పటి మీద పెట్టిన సగం అందులో ఉంది. పారేద్దామంటే రొట్టె, తిందామంటే పాపం, అందుకని మూట కట్టి ఉంచాను. పల్లానికి తీసుకువెళ్ళాను. రాయిలా గట్టిపడింది, నాకు పళ్ళు లేవు. అతని పక్కన ఊరిన నీళ్ళలోనే నానబెట్టి, రాళ్ళ మీద కూర్చుని అంతా తిన్నాను. బూజు చేదు. తింటూ తింటూ మాట్లాడాను, నీ పేజీలో ఉన్నట్టే. "తిన్నాను కోర్సో. ఇదిగో, తిన్నాను. ఇప్పుడు నోటరీని పిలవనా?" అన్నాను.  తోళ్ళ గుంటల దగ్గర ఎవరో ఎవరినో పిలుస్తున్నారు, అంతే.

ఇంటికొచ్చి కదురు కర్ర తీసి ముప్పై ఎనిమిదో గాటు పెట్టాను. మొదటి ముప్పై ఏడూ తిరిగిచ్చాను. దీన్ని మాత్రం ఎవరికీ తిరిగివ్వను.

నీ అక్క
గిసోలా
(గీత బదులు ఈసారి గాటు పెట్టాను. ఈ ఉత్తరం తోలు కాస్త తెగింది, ఏమీ అనుకోకు.)